వృద్ధులకు ఊరిలో చోటు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక పట్టణమున ముసలివారి కొఱకు అరువది డెబ్బది వాటాల భవనము నొకదానిని కట్టదలచినవానికి స్థలమును, పెట్టుబడియు, ఇంజనీరును సమకూరినంత మాత్రమున పని జరుగదు. సాధారణముగ ఆ ప్రతిపాదన పటములతోడను లెక్కలతోడను ఆ పట్టణపు నగర సభ యెదుటికి రావలెను. ఇరుగుపొరుగువారు వచ్చి తమ మంచిచెడ్డలు చెప్పుకొనవలెను. సభ్యులు విని, అడుగవలసినది అడిగి, అందఱి సమక్షమున తమ సమ్మతినో అసమ్మతినో తెలుపవలెను. ఈ యాచారము నేటిది కాదు. ముదుసలి యెచట తలదాచుకొనవలెను, ఆ భారమెవ్వరిది, అతనిని ఊరి నడుమ నుంచవలెనా, వెలుపల నుంచవలెనా యను ప్రశ్నలను ఆ దేశపు ఊళ్లు మూడువందల యేండ్లకు పైబడి బహిరంగ సభలలోనే తేల్చుకొనుచు వచ్చినవి. కేంద్ర ప్రభుత్వము ఆ పనిలో చేయి పెట్టిన కాలము స్వల్పము. అది చేయి పెట్టిన తరువాత సైతము కడపటి మాట ఊరి సభదే యయ్యెను. కావున ఈ సభల కథ యందు ఒక జాతి తన వృద్ధులను ఏ దృష్టితో చూచెనో ఆ దృష్టియంతయు మనకు కానవచ్చును.

ఎలిజబెత్తు రాణి యేలుబడి చివర, 1601లో, ఇంగ్లాండు శాసనసభ చేసిన పేదల చట్టము ప్రతి పారిషును తన దీనులను తానే పోషించుకొనవలెనని విధించెను. సముద్రము దాటి వచ్చి న్యూ ఇంగ్లాండులో ఊళ్లు కట్టుకొన్నవారు ఆ విధిని కూడ వెంట తెచ్చుకొనిరి. ఊరి సభ కూడినపుడు బాటల మరమ్మతు, కంచెల తగవులు, గుడి ఖర్చు మున్నగువానితోపాటు పేదల పోషణయు ఒక యంశముగా నుండెడిది. దానిని చూచుకొనుటకు పర్యవేక్షకులను ఎన్నుకొనెడివారు. కొత్తగా వచ్చినవాడు రేపు ముసలివాడై ఊరి మీద పడునేమో యను భయమున అతనికి ముందుగానే వెడలిపొమ్మని నోటీసు పంపు పద్ధతి యొకటి యుండెను. ఆ నోటీసు పుచ్చుకొన్నవాడు పలుమారు ఊరిలోనే కాలము గడిపెడివాడు గాని, ఆపద వచ్చిననాడు ఊరి సొమ్ము నడుగుటకు అతనికి హక్కు లేకపోయెడిది. ఎవడు మనవాడు, ఎవడు పైవాడు అను లెక్క ఆనాడే మొదలయ్యెను. నేటి సభలలోను అది వేఱు వేషములతో వినవచ్చుచున్నది.

అంతకంటె బాధాకరమైనది వేలంపాట. మనమెఱిగిన వేలమున ఎక్కువ పాడినవానికి వస్తువు దక్కును. ఆ వేలమున తక్కువ పాడినవానికి మనుష్యుడు దక్కెడివాడు. దిక్కులేని యొక ముసలమ్మకు ఏడాది పాటు కూడును గుడ్డయు నిచ్చి యింట నుంచుకొనుటకు ఊరు ఎంత సొమ్మియ్యవలెనని సభలో అడిగెడివారు; అందఱికంటె తక్కువ సొమ్ముతో సరిపెట్టెదనన్నవాని యింటికి ఆమె పోవలసినదే. వాడు ఆమెచేత చేయగలిగిన పని చేయించుకొనెడివాడు. ఏడాది తిరుగగానే మరల పాట, మరల వేఱొక యిల్లు, వేఱొక యజమానురాలి మాటలు. ఆ సభలో కూర్చున్నవారు క్రూరులని నేను తలపను. వారు తమ పన్నుల సొమ్మును జాగ్రత్తగా వాడుకొనవలెనని తలంచిన సామాన్య గృహస్థులు. అయినను సొమ్ము ఎట్లు మిగులునను ఒక్క ప్రశ్నను మాత్రమే ముందు పెట్టుకొన్న సభ ఎంత దూరము పోగలదో తెలియుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

1821లో జోసయా క్విన్సీ మెసాచుసెట్స్ శాసనసభకును, 1824లో జాన్ యేట్స్ న్యూయార్కు శాసనసభకును పేదల పోషణను గూర్చి నివేదికలు సమర్పించిరి. వేలముకంటె, ఇంటింట పంచు సాయముకంటె, అందఱిని ఒకచో చేర్చి పని చేయించుచు పోషించుట మేలును చౌకయునని ఇరువురును తేల్చిరి. ఆ యేడే న్యూయార్కు రాష్ట్రము కౌంటీల వారీగా దీనశాలలు కట్టించుటకు చట్టము చేసెను. తక్కిన రాష్ట్రములును ఆ దారినే పట్టినవి. పొలములతో కూడిన పెద్ద లోగిళ్లు ఊరికి దూరముగా లేచినవి. కాలక్రమమున పిల్లలను అనాథాలయములకును, మతి తప్పినవారిని పిచ్చాసుపత్రులకును వేఱు చేయగా, ఆ దీనశాలలలో మిగిలినవారు చాలవఱకు వృద్ధులే యైరి. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు 'కొండ అవతలి యిల్లు' తలచుకొన్నంతనే ముసలివారి గుండెలు జారెడివి. విల్ కార్ల్‌టన్ అను కవి ఆ భయమును పద్యముగా వ్రాయగా అది దేశమంతట ఇంటింట మాఱుమ్రోగెను.

ధర్మబుద్ధి గల ప్రజలు వేఱు దారులు కూడ వెదకిరి. 1817లో ఫిలడెల్ఫియా స్త్రీలు కొందఱు నిరాధారలైన వితంతువుల కొఱకు ఒక సంఘము స్థాపించి, పిమ్మట వారికొక గృహమును కట్టించిరి. వీనిలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది న్యూయార్కు నావికుల గృహము. రాబర్టు రిచర్డు రాండల్ అను సంపన్నుడు 1801లో మరణించుచు, మన్‌హటన్‌లోని తన తోటను వృద్ధులై డస్సిన నావికుల ఆశ్రయమునకై వీలునామా వ్రాసిపోయెను. జ్ఞాతులు వ్యాజ్యెము వేయగా అది 1830లో సుప్రీము కోర్టు వఱకు పోయి ధర్మకర్తల పక్షమున తేలెను. కాని ఆ మూడు దశాబ్దములలో నగరము పెరిగి ఆ తోట చుట్టు ముట్టెను; నేల వెల ఆకాశమున కెక్కెను. ధర్మకర్తలు ఆ భూమిని కౌలున కిచ్చి, ఆ రాబడితో స్టాటెన్ దీవిలో సముద్రపు టొడ్డున గ్రీకు స్తంభముల శ్రేణులతో సౌధములు కట్టి 1833లో నావికులను చేర్చిరి. దాత కోరినది నెరవేరినదనియే చెప్పవలెను. అయినను నగరము నడుమ ఉండవలసిన ముసలివారు దీవికి చేరిరి. నూట నలువది యేండ్ల పిమ్మట ఆ సౌధములను నగరము కళాకేంద్రముగా నుంచుకొనగా, 1976లో మిగిలిన నావికులు నార్త్ కరోలైనాలోని సీ లెవెల్ అను కుగ్రామమునకు తరలింపబడిరి. నేల వెల పెరిగినపుడెల్ల వెనుకకు జరుగువారు వృద్ధులే యను సత్యమును ఈ యొక్క సంస్థ చరిత్రయే చాటుచున్నది.

1933లో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచిలో ఫ్రాన్సిస్ టౌన్‌సెండ్ అను వృద్ధ వైద్యుడు అరువదేండ్లు నిండిన ప్రతివారికి నెలకు రెండువందల డాలర్లీయవలెనని ఉద్యమము లేవదీసెను. ఆ యొత్తిడి కొంత, ఆర్థిక మాంద్యపు టార్తనాదము మఱికొంత కలిసి 1935 ఆగస్టు 14న సాంఘిక భద్రతా చట్టము వచ్చెను. ప్రభుత్వ దీనశాలలో నున్నవారికి వృద్ధాప్య సహాయమునకై కేంద్ర నిధులు చెల్లవని ఆ చట్టములోని యొక నిబంధన. దాని ఫలముగా దీనశాలలు క్రమక్రమముగ ఖాళీ యైనవి. ఎందఱో ముసలివారి చేతిలో మొదటిసారిగా తమదైన సొమ్ము పడెను. కాని ఆ సొమ్ముతో అద్దెకు దొరకు గది యేది? 1937 నాటి గృహనిర్మాణ చట్టము కుటుంబములకే గాని ఒంటరివారికి చోటియ్యలేదు. భర్త పోయిన స్త్రీ, భార్య పోయిన పురుషుడు ప్రభుత్వపు ఇండ్లకు అర్హులగుటకు 1956 వఱకు వేచి యుండవలసి వచ్చెను. 1959లో, లాభాపేక్ష లేని సంఘములు వృద్ధుల గృహములు కట్టుటకు కేంద్రమే ఋణమిచ్చు పథకము ఏర్పడెను; చట్టములోని సెక్షను సంఖ్యను బట్టి దానిని నేటికిని '202' అనియే పిలుచుచున్నారు.

1960లో టెక్సాసులోని శాన్ ఆంటోనియోలో విక్టోరియా ప్లాజా అను బహుళాంతస్థుల భవనము తెఱవబడెను. వృద్ధుల కొఱకే రూపొందింపబడిన తొలి ప్రభుత్వ గృహములలో అది యొకటి. ఆ నగర గృహసంస్థ కధిపతిగా నుండిన మేరీ మెక్‌గ్వైర్ దానిని పట్టుదలతో కట్టించి, మఱుసటి యేడు కెన్నెడీ ప్రభుత్వమున జాతీయ ప్రభుత్వ గృహశాఖ కధిపతి యయ్యెను. ఫ్రాన్సెస్ కార్ప్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు అచట చేరినవారిని చేరకముందును చేరిన తరువాతను పరిశీలించి 1966లో గ్రంథము ప్రచురించెను. చేరినవారు అంతకు ముందుకంటె ఎక్కువ సంతోషముగ, ఎక్కువ స్నేహములతో జీవించుచున్నారని ఆమె కనుగొనెను. ముసలివారిని ఒకచో చేర్చిన చావు కొఱకు ఎదురుచూచు చోటగునని వాదించువారికి ఇది గట్టి సమాధానమయ్యెను.

ఇంతలో ఇంకొక వైపున, ఊరిలో ఏ నేల ఏ పనికి వాడుకొనవలెనో శాసించు అధికారము నగర సభల చేతికి వచ్చెను. దానిని జోనింగ్ అందురు. ఒహాయోలోని యూక్లిడ్ అను చిన్న ఊరి సభ 1922లో చేసిన అట్టి శాసనమును 1926లో సుప్రీము కోర్టు సమర్థించెను. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి సదర్లాండు అపార్ట్‌మెంటు భవనములను విడి యిండ్ల వీధుల సౌఖ్యమును పీల్చు పరాన్నజీవులతో పోల్చెను. ఆ మాట ప్రభావము మిక్కిలి పెద్దది. ముసలివానికి కావలసినది చిన్న వాటా. ఊరి నడుమ నేల చాలవఱకు విడి యిండ్లకే కేటాయింపబడినది. కావున వృద్ధుల భవనము కట్టవలెనన్న తఱచుగ నియమమును మార్పుమని సభను వేడుకొనవలసినదే. వాణిజ్యశాఖ మంత్రిగా హెర్బర్టు హూవరు ఆ కాలముననే ప్రచురింపించిన నమూనా చట్టము ఆ వేడుకోలునకు పద్ధతి యేర్పఱచెను: విచారణకు పదునైదు దినములకు తక్కువ కాకుండ ముందుగ పత్రికలో ప్రకటన, బహిరంగ విచారణ, పొరుగు స్థలములలో నూటికి ఇరువది వంతుల యజమానులు వ్రాతమూలముగ అభ్యంతరపెట్టినచో సభలో నాలుగింట మూడు వంతుల మద్దతు. అనగా, ఊరిలో అప్పటికే నేల గలవానికి ఒక ఆయుధము చేతికి వచ్చెను. రాదలచినవానికి అట్టి దేదియు లేదు.

ఆ విచారణ జరుగు తీరు చెప్పదగినది. కాలిఫోర్నియాలో దానిని బ్రౌన్ చట్టము శాసించుచున్నది. మైకేల్ హారిస్ అను విలేకరి శాన్ ఫ్రాన్సిస్కో పత్రికలో, స్థానిక సభలు తలుపులు మూసికొని నిర్ణయములు చేయుచున్నవని వరుసగా వ్యాసములు వ్రాయగా 1953లో ఆ చట్టము పుట్టెను. నేడు సభాకార్యక్రమమును డెబ్బదిరెండు గంటల ముందుగ గోడ కంటింపవలెను; మూడువందల అడుగుల లోపలి యజమానులకు తపాలా ద్వారా తెలుపవలెను. ఎత్తైన వేదికపై అయిదుగురో ఏడుగురో సభ్యులు, ప్రక్కన గుమాస్తా, ఎదుట మైకు గల బల్ల. మొదట ప్రణాళికా విభాగపు ఉద్యోగి నివేదిక చదువును. పిమ్మట కట్టువాని తరపున వాస్తుశిల్పి పటములు చూపును. ఆ తరువాత ప్రజలు ఒక్కొక్కరుగా వత్తురు. ఒక్కొక్కరికి సాధారణముగా మూడు నిమిషములు. నాలుగంతస్థుల భవనము తన పెరటి తోటకు సాయంకాలపు టెండ రానీయదని ఒకరు, రాత్రివేళ అంబులెన్సుల కూత నిద్ర పోనీయదని ఒకరు అందురు. కార్లను గూర్చిన వాదము అన్నిటికంటె దీర్ఘము: ముసలివారికి కార్లు తక్కువ కావున తక్కువ స్థలము చాలునని శిల్పి; నర్సులు, పనివారు, చూడవచ్చు కొడుకులు, కోడండ్రు ఎచట నిలుపుదురని వీధివారు. అప్పుడొక నడివయసు కుమార్తె లేచి, నలువది యేండ్లు ఈ ఊరి బడిలో పాఠములు చెప్పిన తన తల్లి మెట్లెక్కలేక ఇల్లమ్ముకొని, ఊరిలో వేఱు వాటా దొరకక పరాయి ఊరికి పోవలసి వచ్చినదని చెప్పును. ఇట్టి వాదోపవాదములు ఒక్క సాయంకాలముతో ముగియవు, వాయిదా పడును, అంతస్థులు తగ్గును, కిటికీలు మాఱును, చెట్లు చేరును. సహనము గలవారికిది ప్రజాస్వామ్యపు నిజమైన బడి. ఈ మూడు నిమిషముల ఏర్పాటును నేను మనసార గౌరవింతును.

అయితే సభల మనస్సులో జరుగు ఇంకొక లెక్కను విస్మరింపరాదు. అమెరికాలో బడుల ఖర్చులో గణనీయమైన భాగము స్థానిక ఆస్తిపన్నుల నుండి వచ్చును. పిల్లలు గల కుటుంబము వచ్చినచో బడికి ఖర్చు. వృద్ధులు వచ్చినచో పన్ను వచ్చును గాని బడికి ఖర్చు లేదు. ఒకప్పుడు ఖర్చు భయముతో ముసలివానిని వెడలగొట్టిన ఊళ్లు ఇప్పుడు ఖర్చు భయముతోనే ముసలివానిని పిలువసాగినవి. న్యూజెర్సీలోని వేమౌత్ టౌన్‌షిప్ చలనగృహముల వసతులలో ఏబది రెండేండ్లు దాటినవారే యుండవలెనని శాసింపగా, 1976లో ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించెను. కాని పిల్లలను తప్పించుకొనుటకు ఇట్టి నియమములను సాధనముగా వాడరాదని కూడ హెచ్చరించెను. అరిజోనాలోని యంగ్‌టౌను 1954లో, దాని పొరుగున డెల్ వెబ్ కట్టిన సన్ సిటీ 1960 జనవరి 1న వృద్ధుల ఊళ్లుగా పుట్టినవి. సన్ సిటీవారు పొరుగు బడుల కొఱకు తెచ్చిన ఋణ ప్రతిపాదనలను మాటిమాటికి ఓడించిరి. 1990లలో, తాత అవ్వల చెంత ఆశ్రయము పొందిన ఒక బాలుని కారణముగ యంగ్‌టౌనులో వివాదము రేగి, 1998లో ఆ ఊరు వయోనియమమునే వదలుకొనెను. తాత యింట మనుమడుండుట నేరమైన ఊరు వృద్ధులకు మాత్రము ఎట్లు సుఖకరమగును? పిల్లలను దూరముంచుటకై వృద్ధునికిచ్చిన ఆహ్వానము నా దృష్టిలో ఆహ్వానము కాదు.

బీదల విషయమున ఈ లెక్క మఱింత స్పష్టము. 1950లో యురీకా నగరమున ఒక ప్రభుత్వ గృహనిర్మాణముపై ప్రజల ఓటు కోరినపుడు న్యాయస్థానము ఒప్పకపోగా, ఆ యేడే కాలిఫోర్నియా ప్రజలు, తక్కువ అద్దెల ప్రభుత్వ గృహములకు స్థానిక ఓటర్ల సమ్మతి తప్పనిసరి యని తమ రాష్ట్ర రాజ్యాంగమున 34వ అధికరణముగా చేర్చిరి. శాన్ హోసేలోను శాన్ మటేయో కౌంటీలోను ఇండ్లకై వేచియున్న బీదలు దానిని ఎదిరింపగా, 1971లో సుప్రీము కోర్టు అధికరణమునే నిలిపెను. ఆ పిమ్మట ఎన్నో ఊళ్లలో ఓటర్లు వృద్ధుల గృహములకు సమ్మతించి, బీద కుటుంబముల గృహములను త్రోసిపుచ్చిరి. పిల్లలు గలవారిపై వివక్షను నిషేధించుచు 1988లో కేంద్ర చట్టము వచ్చినను, వృద్ధుల నివాసములకు మినహాయింపు మిగిలెను. నూటికి ఎనుబది వాటాలలో ఏబది యైదేండ్లు దాటినవా రొక్కరైన నున్న చాలునని 1995లో ఆ మినహాయింపును సుకరము చేసిరి. కావున నేడు సభ యెదుటికి వచ్చు వృద్ధుల భవనము కొంత దయచేతను, కొంత లెక్కచేతను నెగ్గుచున్నదని నిర్మొగమాటముగ చెప్పవలెను.

ఈ కథ మనకు పరాయిది కాదు. ఫ్రీమాంటు, ఎడిసన్, ఫ్రిస్కో మున్నగు ఊళ్లలో కొడుకుల, కూతుళ్ల చెంత నివసించు తెలుగు తల్లిదండ్రు లనేకులు. పగలంతయు ఇంట నొంటరిగా, బస్సు లేని వీధిలో, తోటివారి మాటకై తపించు ఆ పెద్దలకు గుడియు అంగడియు నడకదూరమున నున్న చిన్న వాటా ఎంత మేలు చేయునో వేఱుగ చెప్పనక్కఱలేదు. కాలిఫోర్నియా సభలో మాట్లాడుటకు పౌరసత్వ మక్కఱలేదు. దుబాసి సాయముతో మాటాడువారికి రెట్టింపు సమయ మియ్యవలెనని 2016లో చట్టమును సవరించిరి కూడ. మన పెద్దమ్మ తెలుగున చెప్పగా, మనుమరాలు ఆంగ్లమున చెప్పగా, ఆరు నిమిషములు ఆ సభ వినవలసినదే. ఆ హక్కును మనవారు వాడుకొనవలెను.

ఇచట, మన దేశమున, 2007 నాటి చట్టము జిల్లాకొక వృద్ధాశ్రమమైనను, నూట యేబది మందికి తగ్గకుండ, ప్రభుత్వములు నెలకొల్పవచ్చునని చెప్పినది. 2019లో కేంద్రము విశ్రాంత గృహములకు నమూనా మార్గదర్శకములు వెలువరించినది. హైదరాబాదు శివారులలో సొమ్ము గలవారికై అట్టి గృహములు లేచుచున్నవి. కాని మన పురపాలక సంఘములలో భవనమునకు అనుమతి పటములును కొలతలును సరిచూచి అధికారు లిచ్చునదే. ఒక్కొక్క కట్టడమును గూర్చి ఇరుగుపొరుగును పిలిచి కౌన్సిలులో వినుట మన యాచారము కాదు. అమెరికా సభల దోషములు మన కక్కఱలేదు. నేల గలవానికే గొంతు నిచ్చు ఆ పక్షపాతము మన కసలే వలదు. వాని మంచి మాత్రము మనము తీసికొనవలెను. తమ వార్డులో వృద్ధుల గృహము వచ్చుచున్నదని విన్న కౌన్సిలర్లకు నా విన్నపమిది: అనుమతి కాగితముపై సంతకము పడకముందు ఒక్క సాయంకాలము సభ పెట్టుడు, ఇరుగుపొరుగువారిని పిలువుడు, వారితోపాటు ఆ యింట నుండబోవు ముసలివారిని పదిమందిని పిలిచి, మొదటి మాట వారినే చెప్పనిండు.